నగల పనికి లేత్ కొనేముందు రజను తూచండి

ఆరు నెలలుగా కనీసం పదిమంది నన్ను ఒకటే అడుగుతున్నారు: "నగల పనికి చిన్న లేత్ మిషన్ కావాలి, మరీ ఖరీదు ఉండకూడదు, ఏది తీసుకోమంటావు?" లేత్ అంటే ముక్కను గుండ్రంగా తిప్పుతూ, దానికి పనిముట్టు ఆనించి తొలిచే యంత్రం. ఒక పేరు చెప్పి వదిలేయొచ్చు గానీ, నేను మొదటిసారి అలా పేరూ ఫోటో చూసి కొనే 11 వేలు పోగొట్టుకున్నాను. అందుకే పొడుగైనా సరే, మొత్తం రాస్తున్నాను.

మాది ప్రొద్దుటూరు. నాయన కంసాలి. నేను బెంగళూరులో ఒక డెంటల్ ల్యాబ్‌లో పని చేస్తాను, మైనంతో పన్ను ఆకారం చెక్కడం, పోత పోయడం, మైక్రోమోటార్‌తో మెరుగు పెట్టడం రోజూ ఉండే పనే. ఇంట్లో కుంపటి ముందు నన్నెవరూ కూర్చోబెట్టలేదు, అది మగపిల్లల పని అన్నారు, ఆ మాట ఇప్పటికీ నాకు నొప్పే. ల్యాబ్‌లో చేతికి పని వచ్చాక ఆదివారాలు వెండితో మొదలుపెట్టాను. కగ్గదాసపురలో మేముండే అద్దె ఇంట్లో వెనక బాల్కనీని మూసి కట్టిన చిన్న గది నా కార్ఖానా.

మొదట కొన్నది ఆన్‌లైన్‌లో కనిపించే బొమ్మలాంటి లేత్. ఆస్ట్రియా వాళ్ల యూనిమ్యాట్ 1 ఉంది కదా, పిల్లలకు యంత్రాలు నేర్పడానికి చేసినది, దానికి నకలు. 12 వోల్ట్‌ల మోటార్, నిమిషానికి 20,000 చుట్లు అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఆ అంకె చూసి గట్టి మిషన్ అనుకున్నాను. అసలు సంగతేమిటంటే అది మోటార్ ఒట్టిగా తిరిగే వేగం, బెల్టు దాటి స్పిండిల్ (ముక్కను తిప్పే ఇరుసు) దగ్గరకు వచ్చేసరికి బలం ఉండదు. బాల్సా చెక్క తొలుస్తుంది, మెత్తని మైనం తొలుస్తుంది. 6 మి.మీ. ఇత్తడి కమ్మీ పెట్టి పనిముట్టు ఆనించగానే బెల్టు జారి ఆగిపోయింది. ఇంకా లోతు తగ్గించి, వెంట్రుక మందం చొప్పున తీస్తే కదిలింది గానీ తొలిచిన చోటంతా అలలు అలలుగా వచ్చింది, ఎందుకంటే మోటార్‌ని పట్టుకున్న దిమ్మే ఊగుతోంది. అమ్మినవాళ్లకు రాస్తే "లోహం కోసం కాదు" అన్నారు. పేజీలో మాత్రం లోహం ముక్క పెట్టిన బొమ్మే ఉంది. వెనక్కి తీసుకోలేదు.

అప్పుడు నాయనకు ఫోన్ చేశాను, పెద్ద లేత్ కొంటాను, వెండి కమ్మీ పెట్టి ఉంగరాలు తొలుస్తాను అని. ఆయన ఒకటే అడిగారు. "రజను ఎంత పోతాది మా?"

రజను అంటే పనిలో రాలే లోహపు పొడి. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. కూర్చుని లెక్క వేశాను, మీరూ వేసి చూడండి. బయటి కొలత 22 మి.మీ., లోపల 18, వెడల్పు 5, అంటే ఒక మామూలు సాదా ఉంగరం. 92.5 వెండి సాంద్రత ఘన సెంటీమీటరుకు 10.36 గ్రాములు. గట్టి కమ్మీ నుంచి 5 మి.మీ. ముక్క కోస్తే అది దాదాపు 19.7 గ్రాములు. మధ్యలో తొలిచి తీసేశాక మిగిలే ఉంగరం 6.5 గ్రాములు. అంటే 13 గ్రాములకు పైగా, మూడింట రెండు వంతులు, తురుములాగా కింద పడుతుంది. అది దొంగలెత్తుకుపోయినట్టు పోదు, కరిగించుకోవచ్చు, కానీ ప్రతిసారి కరిగించి మళ్లీ కమ్మీ పోయాలి, కొంత ఎగిరిపోతుంది, కొంత నూనెలో, చీపురులో, చెప్పుల కింద పోతుంది. నాయన అదే ఉంగరం చేస్తే వెండి పట్టీ కోసి, వంచి, టంకం వేసి, ఆకురాయి పడతారు. ఆయన చేతిలో రాలేది చిటికెడు.

లేత్‌ని ఎంచుకోవడంలో నాకు దారి చూపింది ఈ లెక్కే. నగల పనిలో లేత్ చేయాల్సింది గట్టి వెండిని తొలవడం కాదు. మైనం గొట్టం నుంచి ఉంగరం, గాజు ఆకారాలు తీయడం, అవి తర్వాత పోత పోసుకోవడం. టంకం వేసి చేసిన ఉంగరాన్నో రాయి గూడునో గుండ్రంగా సరిచేయడం, అంటే పైపైన పావు మిల్లీమీటర్ తీయడం. అన్నిటికన్నా ఎక్కువగా, పనిముట్లు తయారుచేసుకోవడం: ఉంగరాల కడ్డీలు, డాపింగ్ పంచ్‌లు (రేకును గిన్నెలా వంచే గుండ్రటి మొనవి), రాయి గూడు అంచు నొక్కే పంచ్‌లు, రింగుల తీగ చుట్టుకునే కమ్మీలు. ఏడాదిలో నా లేత్ మీద జరిగిన పనిలో సగానికి పైగా ఇలా ఉక్కు, ఇత్తడి పనిముట్లే. మీరు చేయబోయే పది వస్తువులు కాగితం మీద కొలతలతో రాసుకుని అప్పుడు మిషన్ చూడండి.

కొలతల్లో మొదటిది స్వింగ్, అంటే మిషన్‌లో పట్టే గుండ్రటి వస్తువు అడ్డకొలత. ఇక్కడ చాలామంది మోసపోతారు. అమెరికాలో చేసే షెర్లైన్ 4000 చాలా మంచి మిషన్, నగలవాళ్లూ గడియారాలవాళ్లూ ఇష్టపడేది, దాని స్వింగ్ మూడున్నర అంగుళాలు, అంటే 89 మి.మీ. మన 2-6 గాజు లోపలి కొలత 60.3 మి.మీ., మందం కలిపితే 70 దాకా వస్తుంది కాబట్టి పట్టేస్తుంది అనుకుంటాం. కానీ 89 అనేది బెడ్ మీద, అంటే మిషన్ అడుగు పట్టాల మీద. పనిముట్టు కూర్చునే క్రాస్ స్లైడ్ మీద చూస్తే అది సగమే, 44 మి.మీ. గాజు చక్ (ముక్కను దవడలతో పట్టే భాగం) మొహానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి పనిముట్టును ముందుకు సాచి పెట్టి ఎలాగో లాగించొచ్చు, కాకపోతే సాచిన పనిముట్టు వణుకుతుంది. ఉంగరాలు, గుండ్లు, జూకాల టోపీలు మాత్రమే చేసేవాళ్లకు ఈ గొడవే లేదు. గాజులు చేస్తాం అనుకునేవాళ్లు రెండో అంకె తప్పకుండా అడగాలి.

రెండోది స్పిండిల్ మధ్యలో రంధ్రం. కమ్మీ అందులోంచి వెనక్కి దూరితే పొడుగు కమ్మీ అలాగే పెట్టి, చివర పని చేసి, కోసుకుంటూ పోవచ్చు. దూరకపోతే ప్రతిసారి ముక్క కోసి పట్టాలి, చక్ దవడలు పట్టుకున్నంత మేర వృథా. షెర్లైన్‌లో ఇది సుమారు 10 మి.మీ. చైనా నుంచి వచ్చే 7 అంగుళాల మినీ లేత్‌లలో 20. చెవిదిద్దులు, పిన్నులు, చిన్న పూసల పనికి 10 చాలు. 16 మి.మీ. ఉక్కు కమ్మీతో పంచ్‌లు చేయాలంటే చాలదు.

మూడోది పొడుగు, రెండు సెంటర్ల మధ్య దూరం, అంటే కమ్మీని రెండు చివర్లా పట్టే మొనల మధ్య దూరం. నగలకు పొడుగెందుకు అనుకున్నాను నేనూ. ఉంగరాల కడ్డీ గురించి కింద చెప్తాను.

సరే, ఏ మిషన్లు చూశానంటే: జర్మనీ ప్రాక్సాన్ వాళ్ల చిన్నవి, షెర్లైన్, ట్యాగ్, చైనా 7 అంగుళాలవి, ఇంకా పాత వాచ్‌మేకర్ లేత్‌లు. షెర్లైన్, ట్యాగ్ రెండూ నాకు నచ్చాయి, ముఖ్యంగా బరువు తక్కువ కాబట్టి ఒక్క మనిషి ఎత్తి అలమారలో పెట్టేయొచ్చు. కానీ అక్కడి నుంచి తెప్పించుకుంటే రవాణా, సుంకం, 18 శాతం జీఎస్టీ కలిసి నా 70 వేల బడ్జెట్ ఎక్కడికో పోయింది. అక్కడున్న బంధువులెవరైనా తెస్తే, చిన్న పనే చేసేవాళ్లకు ఇప్పటికీ షెర్లైనే చెప్తాను.

వాచ్‌మేకర్ లేత్ గురించి రెండు మాటలు చెప్పాలి. బెంగళూరు హెచ్‌ఎంటీ పుట్టిన ఊరు, 1953లో ఆ సంస్థ మొదలైందే మెషిన్ టూల్స్ కోసం, 1961 నుంచి వాచీలు. ఆ వాచీలు బాగుచేసిన చేతులు ఇంకా అవెన్యూ రోడ్డు, చిక్కపేట సందుల్లో ఉన్నాయి. అలాంటి ఒక పెద్దాయన తన బల్ల మీది చిన్న లేత్ చూపించారు. మూరెడు కూడా లేదు, 8 మి.మీ. కాలెట్లు (కమ్మీని చుట్టూ సమానంగా నొక్కి పట్టే చీలికల గొట్టాలు), పక్కన కుట్టుమిషన్ మోటార్. సూదంత ఉక్కు పిన్ను పట్టి తిప్పితే అది తిరుగుతోందో ఆగి ఉందో కంటికి తెలియలేదు, అంత సూటిగా తిరిగింది. ముక్కుపుడక తిరుగుడు, పిన్ను పని, ముత్యం కూర్చునే గిన్నె లాంటివి చేసేవాళ్లకు అంతకన్నా మంచిది లేదు. ఆ కాలెట్లలోంచి దూరే కమ్మీ మాత్రం 5 మి.మీ. దగ్గర ఆగిపోతుంది, కాలెట్ల సెట్టు విడివిడిగా దొరకడం కష్టం, సెట్టు లేని లేత్ అయితే వదిలేయండి.

చివరికి నా కొలతలకు కుదిరింది 7 బై 12 మినీ లేత్, అంటే 7 అంగుళాల స్వింగ్, 12 అంగుళాల పొడుగు. బెడ్ మీద 180 మి.మీ. దాకా, క్రాస్ స్లైడ్ మీద సుమారు 110. గాజు హాయిగా తిరుగుతుంది. పీణ్య ప్రాంతంలో వాడిన మిషన్లు అమ్మే చోట రెండు చూశాను, ఒకటి వదిలేసి ఇంకొకటి తెచ్చుకున్నాను. ఎలా వదిలేశానో చెప్పడమే ఈ పోస్టులో అసలు ఉపయోగపడే భాగం.

నాతో మూడు వస్తువులు తీసుకెళ్లాను: అయస్కాంతం స్టాండుతో ఒక డయల్, గ్రైండింగ్ చేసిన 10 మి.మీ. డోవెల్ పిన్ను (కచ్చితంగా గుండ్రటి ఉక్కు ముక్క), ఒక పల్చటి స్టీలు స్కేలు. డయల్ అంటే సన్నటి ఊగుడును ముల్లుతో చూపించే కొలత పరికరం, నాది మన బేకర్‌ది, 0.01 మి.మీ. చూపిస్తుంది. ల్యాబ్‌లో దంతాల పని చేసే నాకు వందో వంతు మిల్లీమీటర్ అంటే గౌరవం ఉంది. అంగట్లో ఉన్న అన్న "ఏంటమ్మా, పరీక్ష పెడుతున్నావా" అన్నాడు గానీ అడ్డు చెప్పలేదు, పైగా కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు.

మొదట పిన్నును చక్‌లో బిగించి, దవడలకు ఆనుకుని డయల్ పెట్టి చక్‌ని చేత్తో నెమ్మదిగా తిప్పాను. ముల్లు తొమ్మిది గీతలు ఊగింది, అంటే 0.09 మి.మీ. ఔట్. చాలామంది ఇక్కడే మిషన్ చెడ్డదని లేచిపోతారు. లేవకండి. చక్ విప్పించి, స్పిండిల్ లోపలి టేపర్ (వాలు) గోడకు డయల్ పెట్టి మళ్లీ తిప్పండి. నాకు ఒక్క గీత, 0.01. అంటే తప్పు చక్‌ది, స్పిండిల్ బాగుంది. మూడు దవడల చక్‌లో ఆ మాత్రం ఔట్ మామూలే, చక్ మార్చుకోవచ్చు. స్పిండిల్ పాడైతే మనలాంటి వాళ్లం చేయగలిగేది తక్కువ.

అసలు ఔట్ ఎప్పుడు బాధిస్తుందో తెలుసుకుంటే టెన్షన్ సగం తగ్గుతుంది. కమ్మీని ఒకసారి పట్టి, విప్పకుండా బయటా లోపలా తొలిచి కోసేస్తే చక్ ఎంత పక్కకు ఉన్నా వస్తువు గుండ్రంగానే వస్తుంది. విప్పి తిప్పి పట్టినప్పుడే తేడా పడుతుంది. 0.1 ఔట్ ఉంటే కేంద్రం 0.05 పక్కకు జరుగుతుంది, అరమిల్లీమీటర్ గోడ ఉన్న రాయి గూడు ఒకవైపు 0.45, ఎదురుగా 0.55 అవుతుంది. కంటికి కనపడకపోవచ్చు, రాయి కూర్చోబెట్టి అంచు నొక్కేటప్పుడు వేలికి తెలుస్తుంది.

తర్వాత టెయిల్‌స్టాక్, అంటే చక్‌కి ఎదురుగా కమ్మీ రెండో చివరను పట్టే దిమ్మ. స్పిండిల్‌లో ఒక మొన, టెయిల్‌స్టాక్‌లో ఒక మొన పెట్టి, రెండు మొనలూ తాకీ తాకనట్టు దగ్గరకు తెచ్చి మధ్యలో స్కేలు నిలబెట్టాలి. రెండూ ఎదురెదురుగా ఉంటే స్కేలు నిటారుగా నిలుస్తుంది. లేకపోతే వాలుతుంది, లేదా పక్కకు తిరుగుతుంది. మొదటి మిషన్‌లో స్కేలు పక్కకు తిరగలేదు, నిటారు తప్పి వాలింది, అంటే ఎత్తులోనే తేడా. పక్కకు జరిగి ఉంటే మరలతో సరిచేసుకోవచ్చు, ఎత్తు తేడా అంటే కింద రేకులు పెట్టడమో గీకడమో. దాన్ని వదిలేసింది అందుకే. 1 మి.మీ. డ్రిల్లుతో ముత్యం పిన్నుకు బెజ్జం వేసేవాళ్లకు టెయిల్‌స్టాక్ సూటిగా లేకపోతే డ్రిల్లులు పుల్లల్లా విరుగుతాయి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. క్రాస్ స్లైడ్‌ని రెండు చేతులతో పట్టి ఊపితే కదలకూడదు. క్యారేజీని (పనిముట్టును బెడ్ మీద మోసుకెళ్లే భాగాన్ని) చక్ దగ్గరా, చివరా రెండు చోట్లా జరిపి చూడండి, చక్ దగ్గర వదులు, చివర బిగుతు అంటే ఆ ఒక్క చోటే బెడ్ అరిగిందని. తక్కువ వేగంలో చక్‌కి మెత్తని చెక్కముక్క ఆనిస్తే మోటార్ ఇట్టే చతికిలబడుతుందేమో చూడండి, చేయి మాత్రం పెట్టకండి. మైనానికి మాకు 300 నుంచి 600 చుట్లు చాలు, ఎక్కువైతే మైనం వేడెక్కి పనిముట్టుకు అంటుకుంటుంది, కాబట్టి పై వేగం కన్నా కింది వేగంలో బలం ముఖ్యం. బ్రష్‌లెస్ మోటార్ ఉన్నవి ఇందులో మెరుగు. మర తిప్పే గేర్లు ప్లాస్టిక్‌వా ఇనుమువా అని తల బద్దలు కొట్టుకోకండి, నగల పనిలో మరలు కోసేది ఎప్పుడో.

మిషన్ తర్వాత డబ్బు పెట్టాల్సిన మొదటి వస్తువు కాలెట్ చక్. నేను ఈఆర్-32 తీసుకున్నాను, 2 నుంచి 20 మి.మీ. దాకా పడుతుంది. ఇందులో రెండు రకాలు దొరుకుతాయి. స్పిండిల్ టేపర్‌లోకి దూర్చి వెనకనుంచి బోల్టుతో లాగి బిగించేది చవక, కానీ అది పెడితే స్పిండిల్ రంధ్రం మూసుకుపోతుంది, ఏరికోరి 20 మి.మీ. రంధ్రం ఉన్న మిషన్ కొన్న లాభం పోతుంది. చక్ బదులు స్పిండిల్ మొహానికే మూడు బోల్టులతో బిగించే రకం తీసుకోండి. ఇంకో సంగతి, ఈఆర్ కాలెట్‌ని ముందు నట్టులోకి వంకరగా పెట్టి టక్కుమని కూర్చోబెట్టాలి, ఆ తర్వాతే చక్‌కి తగిలించాలి. తెలియక నేను కాలెట్‌ని నేరుగా చక్‌లో వేసి నట్టు బిగించాను, విప్పేటప్పుడు కాలెట్ లోపలే ఇరుక్కుపోయి గంటసేపు పట్టింది. పొట్టి ముక్క పట్టేటప్పుడు కాలెట్ వెనక చివర అదే కొలత ముక్క ఇంకొకటి పెట్టండి, లేకపోతే ముందువైపే నొక్కుకుని ముక్క ఎగిరిపోతుంది.

పనిముట్లకు ఖరీదైన కార్బైడ్ ముక్కలు వద్దు. పావు అంగుళం హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్లు, మిరాండావి ఎస్‌పీ రోడ్డులో దొరికాయి, వాటిని మీరే సాన పట్టుకోవడం నేర్చుకోండి. ఇత్తడికి పైమొహం చదునుగా ఉండాలి, వాలు ఉంటే పనిముట్టు లోపలికి లాగేసుకుంటుంది. వెండికి దానికి పూర్తిగా తలకిందులు, బాగా వాలుగా, రేజరులా పదునుగా ఉండాలి, ఎందుకంటే వెండి జిగురులా అంటుకుంటుంది. పనిముట్టు మొన మీద చిన్న గడ్డలా పేరుకుని అదే గీకడం మొదలవుతుంది.

ఇంట్లో పెట్టుకునేవాళ్లకు మరికొన్ని. ఈ మిషన్ 40 కిలోల దగ్గర ఉంటుంది, నేనూ మా ఆయనా కలిసి ఎక్కించాం. 550 వాట్లంటే 230 వోల్ట్‌ల మీద రెండున్నర ఆంపియర్లు కూడా కాదు, మామూలు ప్లగ్గు చాలు, ఎర్తింగ్ మాత్రం ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. కరెంటు పోయి వచ్చినప్పుడు దానంతట అది తిరగడం మొదలుపెట్టని స్విచ్చు ఉందా లేదా తప్పకుండా చూడండి, బెంగళూరులో వాన పడితే కరెంటు ఎలా పోయి వస్తుందో మనకు తెలుసు, సరిగ్గా మీరు వంగి ముక్క విప్పుతున్నప్పుడు చక్ తిరిగితే ఏమవుతుందో ఊహించుకోండి. శబ్దం గురించి కింద ఇంటి ఓనరు ఆంటీ ఒకసారి అడిగారు, గ్రానైట్ పలక మీద పెట్టి కింద రబ్బరు దిమ్మలు వేశాక మళ్లీ అడగలేదు, రాత్రి ఎనిమిది దాటాక నేనూ తిప్పను. చున్నీ తీసేసి, జడ ముడి వేసి, చేతి గాజులూ ఉంగరాలూ తీసి పక్కన పెట్టాకే స్విచ్చు. గ్లవ్స్ వేసుకోకూడదు, చక్ లాగేస్తుంది. చక్ తాళం చక్‌లోనే వదిలేసి స్విచ్చు వేయడం ఒక్కసారి జరిగినా చాలు, అందుకే ఆ తాళం చేతిలోంచి చక్‌కి, చక్ నుంచి చేతికి తప్ప మధ్యలో ఎక్కడా ఆగకూడదని పెట్టుకున్నాను.

ట్రేలో తెల్ల కాగితం పరిచి వెండి పని చేయండి. ఇత్తడి పని అయ్యాక తుడవకుండా వెండి ముట్టకండి. ఇనుము రజను కలిసినా అయస్కాంతంతో లాగేయొచ్చు, ఇత్తడి కలిస్తే విడదీయలేం, కరిగించిన వెండి చెడుతుంది.

నాకు ఈ మిషన్‌లో ఒకటే లోటు కనిపించింది. స్లైడ్ చక్రాలు తిప్పితే నిటారు గీతలూ వాలు గీతలూ వస్తాయి, పుస్తెలతాడులో గుండు లాంటి వంపు రాదు. అది రావాలంటే పనిముట్టు చేత్తో పట్టి తిప్పాలి. ఎలా పడతారో చూడ్డానికి చన్నపట్న వెళ్లాను, ఇక్కడికి 60 కిలోమీటర్లు. అక్కడ బొమ్మలు చేసే చెక్క మన ఏటికొప్పాక బొమ్మల చెక్కే, మనం అంకుడు కర్ర అంటాం, వాళ్లు ఆలె మర అంటారు. ఒకామె ఉలిని ఒక ఆనకం మీద ఆన్చి, మణికట్టు కదపకుండా నడుము నుంచి కదులుతూ గుండు తీసింది. తర్వాత లక్క కడ్డీని తిరిగే చెక్కకు ఆనిస్తే రాపిడి వేడికే కరిగి రంగు పట్టింది, పైన మొగలి ఆకుతో రుద్దితే మెరుపు. ఇంటికొచ్చి పనిముట్టు దిమ్మ తీసేసి అక్కడ ఇనుప పట్టీతో ఒక ఆనకం చేసి బిగించాను. వారం రోజులు ఇత్తడి గుండ్లు పాడుచేశాక చేయి కుదిరింది. షెర్లైన్, ట్యాగ్‌లకు ఈ ఆనకం విడిగా దొరుకుతుంది, కొనేవాళ్లు అదీ అడగండి.

పోయిన నెల నాయన రాత్రి బస్సుకు వచ్చారు. పొద్దున కాఫీ తాగి నేరుగా గదిలోకి వచ్చి మిషన్ చుట్టూ తిరిగి చూశారు. "తరిమెన," అన్నారు. మా తాత లేత్‌ని ఆ మాటే అనేవాడట. నేను టంకం వేసిన ఒక ఉంగరం చూపించాను, పైమొహం సరిచేద్దామని పనిముట్టు పెడితే గీతలు గీతలుగా చినిగినట్టు వస్తోంది, పైగా దవడల గుర్తులు. ఆయన దాన్ని వేళ్ల మధ్య నొక్కి చూసి, "పదును దిగిపోయింది మా, మంటలో మెత్తబడింది" అని కడ్డీకి ఎక్కించి, చిన్న సుత్తితో చుట్టూ, ఒకదాని పక్కన ఒకటి, దెబ్బ మీద దెబ్బ పడకుండా కొట్టుకుంటూ వచ్చారు. రెండు చుట్లు. ఉంగరం గట్టిపడింది, శబ్దమే మారింది, మొదట టప్ టప్ అన్నది తర్వాత టింగ్ అంది.

దవడలతో పట్టొద్దు, లక్కలో పెట్టు అన్నది కూడా ఆయనే. నగిషీ పనికి లక్కా ఇటుక పొడీ కలిపి వాడతారు కదా, ఆ ఉండ సంచిలోనే తెచ్చుకున్నారు. ఇత్తడి బిళ్ల ఒకటి చక్‌లో బిగించి మొహం తొలిచాను, మధ్యలో ఉంగరం లోపలికి సరిపడా చిన్న మెట్టు వదిలాను. బిళ్లను వేడి చేసి, లక్క కరిగించి, ఉంగరం ఆనించి, లక్క ఇంకా మెత్తగా ఉండగానే చక్‌ని చేత్తో తిప్పుతూ పుల్లతో అటూ ఇటూ నెట్టి మధ్యకు తెచ్చాను. వాచీలవాళ్లు కూడా పల్చటి ముక్కలు లక్కతోనే పడతారు. చల్లారాక 400 చుట్ల మీద, ఒక్కోసారి ఐదు వందో వంతుల లోతున, రెండుసార్లు తీశాను. ఈసారి వెండి చినగలేదు, సన్నటి జుట్టులాగా చుట్టలు చుట్టుకుంటూ కాగితం మీద పడింది. లక్క వేడి చేసి ఉంగరం ఊడదీసి స్పిరిట్‌లో వేశాను. తూస్తే ముందు 6.87 గ్రాములు, తర్వాత 6.51. కాగితం మీద రజను నాయనే ఈకతో దగ్గరకు తోసి తూచారు, 0.34. రెండు వందో వంతులు ఎక్కడ పోయాయా అని నేల మీద టార్చి వేసి వెతికారు కూడా.

వెళ్లేముందు ఒక పని చెప్పారు. మట్టెల కోసం ఉక్కు కడ్డీ కావాలట, 200 మి.మీ. పొడవులో సన్నటి చివర 14, లావు చివర 18. ఇంత పొడుగు వాలుకు కాంపౌండ్ స్లైడ్ (పనిముట్టును వాలుగా నడిపే చిన్న స్లైడ్) ప్రయాణం చాలదు, రెండు సెంటర్ల మధ్య పట్టి టెయిల్‌స్టాక్‌నే పక్కకు జరపాలి. పిడితో కలిపి కమ్మీ మొత్తం 250, కాబట్టి రెండున్నర మిల్లీమీటర్లు. 20 మి.మీ. కమ్మీ తెచ్చి పెట్టాను, రెండు చివర్లా సెంటర్ బెజ్జాలు వేశాను. ఈ ఆదివారం డయల్ పెట్టి టెయిల్‌స్టాక్ జరుపుతాను.